కొలనోస్కోపీ అంటే భయమా? ఒక్కో భయం వెనక ఒక్కో చరిత్ర ఉంది

ఈ రోజు ఎపిసోడ్ ఒక తేదీతో మొదలుపెడదాం. 2021 నవంబర్ 19. ఆ రోజు అమెరికా అధ్యక్షుడి అధికారాలు 85 నిమిషాల పాటు కమలా హారిస్ చేతిలో ఉన్నయి. అమెరికా చరిత్రలో ఒక మహిళ చేతికి ఆ అధికారాలు రావడం అదే మొదటిసారి. కారణం యుద్ధం కాదు, రాజీనామా కాదు. జో బైడెన్ కొలనోస్కోపీ చేయించుకోవడానికి పోయాడు. మత్తులో ఉంటాడు కాబట్టి సంతకం పెట్టి అధికారాలు అప్పజెప్పాడు. అంతకుముందు జార్జ్ బుష్ కూడా 2002లో ఒకసారి, 2007లో ఒకసారి ఇదే పని చేశాడు.

అంత పెద్ద కుర్చీలో ఉన్నోళ్లే కాసేపు కుర్చీ పక్కన పెట్టి చేయించుకున్న పరీక్ష ఇది. మరి మన దగ్గర? మాది రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట. మా దిక్కు ఈ పరీక్ష పేరు చెప్తే మనిషి ముఖం మాడిపోతది. "వెనక నుంచి కెమెరా పంపుతరట" అని చెవిలో చెప్పుకుంటరు. నవ్వుతరు, తర్వాత వాయిదా వేస్తరు. ఆ వాయిదా దగ్గరనే అసలు ప్రమాదం ఉంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నోణ్ణి. మీ పరీక్ష గురించి ఆఖరి మాట మీ డాక్టర్‌దే. నేను చెప్పేది చరిత్ర. మీకు ఈ పరీక్ష అంటే ఏయే భయాలు ఉన్నయో, అవన్నీ ఒకప్పుడు నిజమైన భయాలే. ఒక్కో భయం మీద ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని పనిచేశారు. ఆ కథలు తెలిస్తే ధైర్యం దానంతట అదే వస్తది.

మొదటి భయం: "అంత పొడుగు పైపు లోపలికి ఎట్ల పోతది?"

మనిషి లోపలికి చూడాలనే కోరిక కొత్తది కాదు. మన సుశ్రుత సంహితలోనే మొలలు చూడటానికి అర్శో యంత్రం అని ఒక పరికరం ఉంది. ఆవు చన్ను ఆకారంలో, నాలుగు వేళ్ల పొడవు ఉండే గొట్టం. పక్కన తెరిచి ఉన్న సందులో నుంచి చూడాలె, మందు పెట్టాలె. అయితే అది నాలుగు వేళ్ల లోతు వరకే. మన పెద్దపేగు సుమారు అయిదడుగులు ఉంటది, పైగా మలుపులు. మిగతాదంతా చీకటి.

1806 ప్రాంతంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బోజిని అనే డాక్టర్ ఒక డబ్బా తయారుచేశాడు. అందులో కొవ్వొత్తి, అద్దం, ముందర గొట్టం. కొవ్వొత్తి వెలుగును శరీరంలోకి పంపి చూడాలని ప్లాన్. వియన్నా వైద్య పెద్దలు దాన్ని పక్కన పడేశారు. బోజిని 1809లో టైఫస్ రోగులకు వైద్యం చేస్తూ అదే జ్వరంతో చనిపోయాడు. తర్వాత 1868లో అడాల్ఫ్ కుస్‌మాల్ అనే ఇంకో జర్మన్ డాక్టర్ పొట్ట లోపల చూద్దామని తిన్నటి గొట్టం చేయించాడు. దాన్ని ఎవరి మీద ప్రయత్నించాడో తెలుసా? కత్తులు మింగే గారడీవాడి మీద! మామూలు మనిషి అంత తిన్నటి గొట్టం మింగలేడు కదా మరి.

అంటే సమస్య ఏంది? గొట్టం వంగాలె, గొట్టంతో పాటు వెలుగు కూడా వంగాలె. వెలుగు తిన్నగానే పోతది అని మనకు స్కూల్లో చెప్పారు. పంజాబ్‌లోని మోగాలో పుట్టి డెహ్రాడూన్‌లో చదివిన నరిందర్ సింగ్ కపానీకి కూడా టీచర్ ఇదే చెప్పాడట. ఆయనకు ఆ మాట ఎక్కలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీకి పోయి, హెరాల్డ్ హాప్కిన్స్ దగ్గర పనిచేసి, 1954లో నేచర్ పత్రికలో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం వేశారు. వెంట్రుక లాంటి గాజు పోగులు వేల సంఖ్యలో కట్టగా కడితే, కట్ట వంగినా సరే ఈ చివరి బొమ్మ ఆ చివర కనబడతది. ఇంటర్ ఫిజిక్స్‌లో సంపూర్ణాంతర పరావర్తనం అని బట్టీ పట్టినం గుర్తుందా? అదే.

మా సిరిసిల్ల దిక్కు వాళ్లకు పోగుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క పోగు లెక్క కాదు, పోగులన్నీ వరుస తప్పకుండా ఉంటేనే డిజైన్ వస్తది. ఇక్కడ కూడా అంతే. ఈ చివర పోగులు ఏ వరుసలో ఉన్నయో ఆ చివర కూడా అదే వరుసలో ఉండాలె. లేకపోతే బొమ్మ చెదిరిపోతది.

ఆ వ్యాసం చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టర్ అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో తన టీంతో కలిసి పోగులతో పొట్ట చూసే స్కోప్ తయారుచేశాడు. 1957 ఫిబ్రవరిలో మొదట దాన్ని మింగింది ఎవరు? ఆయనే. తన గొంతులోకి తనే దింపుకున్నాడు. ఆ తర్వాతే పేషెంట్ దగ్గరికి పోయాడు. అదే గాజు పోగు ఐడియా ముందుకు పోయి పోయి మన ఇండ్లలోకి ఫైబర్ నెట్ అయి వచ్చింది. మీరు ఈ వీడియో చూస్తున్నది, డాక్టర్ పేగు చూసింది, రెండూ ఒకే చెట్టు కొమ్మలు.

పెద్దపేగు కథ 1960లలో మొదలైంది. అప్పటి దాకా వాడిన తిన్నటి గొట్టం 25 సెంటీమీటర్లు పోతే ఎక్కువ. ఆ పైన పాలిప్, అంటే పులిపిరి లాంటి కండ, ఉంటే పొట్ట కోయాల్సిందే. 1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ హాస్పిటల్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు డాక్టర్లు వంగే స్కోప్‌ను పెద్దపేగు మొత్తం తిప్పారు. అంతటితో ఆగలేదు. స్కోప్ లోపలి నుంచి సన్నటి తీగ ఉచ్చు పంపి, పాలిప్ మెడకు వేసి, కరెంటుతో కోసి బయటికి తీశారు. పొట్ట మీద ఒక్క కుట్టు లేదు. ఈ పరీక్ష అసలు గొప్పతనం ఇక్కడుంది. చూడటమూ, తీసేయడమూ ఒకే సారి అయిపోతయి.

ఇప్పటి స్కోప్ మన వేలంత లావు ఉంటది. కొనను డాక్టర్ చేతిలోని చక్రాలతో నాలుగు దిక్కులా తిప్పుతరు. 1983 నుంచి కొన మీదనే చిన్న ఎలక్ట్రానిక్ కెమెరా చిప్ వచ్చింది. కాబట్టి ఇది లోపలికి పొడిచే పైపు కాదు, దారి చూసుకుంట మలుపు తిరిగే పైపు.

రెండో భయం: "ఆ మందు నీళ్లు తాగలేను బాబోయ్"

చేయించుకున్నోళ్లను ఎవరినైనా అడగండి. పరీక్ష కంటే ముందు రోజు రాత్రే కష్టం అంటరు. ఒప్పుకుంటా. కానీ 1980కి ముందు ఎట్లుండేదో వినండి. రెండు మూడు రోజులు ద్రవాలు మాత్రమే. ఆముదం లాంటి విరేచనాల మందులు. ఆ పైన మళ్లీ మళ్లీ ఎనిమా. ఆముదం పేరు వింటే మన నాయనమ్మలు గుర్తొస్తరు కదా, ముక్కు మూసి పిల్లలకు తాపిన రోజులు! నీరసం, ఒంట్లో ఉప్పు తగ్గడం, ముసలోళ్లకైతే ప్రాణం మీదికి వచ్చేది.

కొన్ని చోట్ల మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం తాపేవాళ్లు. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి మండే గ్యాస్ తయారుచేసేది. 1979లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. పాలిప్ కోయడానికి కరెంటు పెట్టగానే లోపలి గ్యాస్ పేలి పేషెంట్ చనిపోయాడు. అందుకే ఇప్పటి పౌడర్ ఎందుకు ఉప్పుప్పగా, వికారంగా ఉంటదని తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

1980లో అమెరికాలోని డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ ల్యాబ్ నుంచి ఒక కొత్త ద్రావణం వచ్చింది. పాలీ ఇథిలీన్ గ్లైకాల్, షార్ట్‌గా పెగ్, దానికి లెక్క ప్రకారం కలిపిన లవణాలు. పెగ్‌ను పేగు పీల్చుకోదు, బ్యాక్టీరియా పులియబెట్టదు. తాగిన నీళ్లను పట్టుకుని అట్లనే కిందికి తోసుకుంట పోతది. లవణాలు సమంగా ఉండటం వల్ల ఒంట్లో నీళ్లు పెద్దగా తగ్గవు, పెరగవు. ఇంట్లో పైపులైన్ కడిగినట్టు అన్నమాట. మొదట్లో నాలుగు లీటర్లు తాగించేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల రెండు లీటర్ల రకాలు ఉన్నయి. పైగా సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున తాగిస్తరు. ఇట్ల రెండు భాగాలు చేస్తే పేగు ఇంకా శుభ్రంగా అవుతదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఇక మన ఊరి లెక్కలో చెప్తా. ఇవి మామూలుగా డాక్టర్లు చెప్పే మాటలే. మీ చేతికిచ్చిన కాగితంలో వేరే ఉంటే ఆ కాగితమే ఫాలో అవ్వండి.

రెండు మూడు రోజుల ముందు నుంచి గింజలు, పీచు, ఆకుకూరలు బంద్. అంటే సకినాలు వద్దు, సర్వపిండి వద్దు, అందులో నువ్వులుంటయి. జామపండు, టమాట, తోటకూర, మక్క గట్క, జొన్న రొట్టె వద్దు. సబ్జా గింజల నీళ్లు అసలే వద్దు. తెల్లన్నం, పెరుగు లాంటివి నడుస్తయి.

ముందు రోజు మాత్రం అవతలి వైపు కనబడే ద్రవాలే. కొబ్బరి నీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని చాయ్. ఎరుపు, ఊదా రంగు డ్రింకులు వద్దు, లోపల రక్తంలాగ కనబడతయి. "కల్లు నడుస్తదా?" అని మా ఊళ్లె ఒకాయన సీరియస్‌గా అడిగిండు. నడవదు కాకా. తాగేది కల్లయినా, కల్తీ లేని కల్లయినా సరే!

మందు నీళ్లు చల్లగా చేసుకోండి. స్ట్రా పెట్టి తాగండి. గటగటా కాదు, పావుగంటకో గ్లాసు. మధ్యలో వాంతి వచ్చినట్టయితే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఆగకపోతే హాస్పిటల్‌కు ఫోన్ చేయండి. షుగర్ మందులు, బీపీ మందులు, రక్తం పలుచబడే మందులు, ఐరన్ మాత్రలు వాడేవాళ్లు అవి ఎప్పుడు ఆపాలో, ఆపాలో వద్దో డాక్టర్‌ను ముందే అడగాలె. సొంతంగా ఆపొద్దు.

ఇంకొకటి, సిటీ వాళ్లకు తట్టని సంగతి. మాలాంటి ఊళ్ల నుంచి కరీంనగర్ పోవాలన్నా, హైదరాబాద్ పోవాలన్నా బస్సు ప్రయాణం. పొద్దున రెండో సగం మందు తాగి బస్సెక్కితే మధ్యలో ఏమవుతదో చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు రోజే పోయి, హాస్పిటల్ దగ్గర చుట్టాల ఇంట్లో గానీ, బాత్రూం అటాచ్ ఉన్న లాడ్జిలో గానీ ఉండండి. నెర్వస్ సగం అక్కడనే తగ్గిపోతది.

మూడో భయం: "మత్తు ఇస్తే మళ్లీ లేస్తనా?"

ఈ భయం చరిత్రలో మన హైదరాబాద్‌కే ఒక పేజీ ఉంది. 1880లలో క్లోరోఫాం మత్తులో కొందరు ఆపరేషన్ టేబుల్ మీదనే చనిపోయేవాళ్లు. ఎందుకు? గుండె ఆగా, ఊపిరి ఆగా? ప్రపంచమంతా కొట్లాట. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ "ఊపిరి చూసుకోండి చాలు" అనేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్, 1889లో రెండోది నడిచినయి. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్‌ను పిలిపించారు, నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఆగేది ముందు ఊపిరే అని తేల్చారు.

ఆ తీర్మానం పూర్తిగా నిలబడలేదు. క్లోరోఫాం గుండెను కూడా నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. కానీ "మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద నుంచి కన్ను తీయొద్దు" అనే అలవాటు మాత్రం మిగిలింది. అదే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో లారీ దగ్గర చదివిన రూపా బాయి ఫర్దూంజీ ఇక్కడి హాస్పిటళ్లలో క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో మొదటి మహిళా అనస్థీషియా డాక్టర్ అని ఆమెను చెప్తరు. మన మెట్రోలో సుల్తాన్ బజార్ మీదుగా పోయేటప్పుడు ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇప్పుడు క్లోరోఫాం లేదు. చాలా చోట్ల ప్రొపోఫాల్ ఇస్తరు, పాలలాగ తెల్లగా ఉంటది. దాన్ని కనిపెట్టిన జాన్ గ్లెన్ చదువు రీత్యా పశువుల డాక్టర్. 1986లో వాడకంలోకి వచ్చింది, 2018లో ఆయనకు లాస్కర్ అవార్డు వచ్చింది. తొందరగా నిద్ర, తొందరగా మెలకువ. ఇక ఊపిరి మీద కన్ను? మీ వేలికి ఒక క్లిప్ పెడతరు. కరోనా టైంలో ప్రతి ఇంట్లో ఉన్న ఆక్సీమీటరే అది. దాని సూత్రం 1970లలో జపాన్ ఇంజినీర్ తకువో అయోయాగిది. ఆక్సిజన్ జర తగ్గినా మెషీన్ మొత్తుకుంటది. లారీ తన కళ్లతో చేసిన పని ఇప్పుడు క్లిప్ క్షణక్షణం చేస్తది, పక్కన మనిషి కూడా ఉంటడు.

మీ వంతు పని ఒక్కటే. ఆస్తమా, గురక, అలర్జీ, తాగుడు, గుట్కా, ఏది ఉన్నా దాచకుండా చెప్పాలె. తోడు ఒకరిని తీసుకుపోవాలె. ఆ రోజంతా బండి నడపొద్దు.

నాలుగో భయం: "నొప్పి"

నోబెల్ వచ్చిన డేనియల్ కానెమన్ పేరు విన్నరా? ఆయన, టొరంటో డాక్టర్ డొనాల్డ్ రెడెల్‌మీర్ కలిసి 1996లో ఒక స్టడీ వేశారు. 154 మంది కొలనోస్కోపీ పేషెంట్లు పరీక్ష జరుగుతుండగానే నిమిషం నిమిషానికి నొప్పికి మార్కులు వేశారు. తర్వాత "మొత్తంగా ఎంత నొప్పి?" అని అడిగారు. కొందరి పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోయింది, కొందరిది గంట దాటింది. విచిత్రం ఏందంటే ఎంతసేపు జరిగింది అన్నది జ్ఞాపకంలో పెద్దగా లెక్కకు రాలేదు. అన్నిటికంటే ఎక్కువ నొప్పి ఉన్న క్షణం, ఆఖరి కొన్ని నిమిషాలు, ఈ రెండే గుర్తుండిపోయినయి. 2003లో 682 మంది మీద ఇంకో స్టడీ. సగం మందికి ఆఖర్లో స్కోప్‌ను కదపకుండా కాసేపు అట్లనే ఉంచారు. పరీక్ష కొంచెం పొడుగైంది, కానీ ముగింపు మెత్తగా అయ్యింది. వాళ్లకే నొప్పి తక్కువగా గుర్తుంది.

దీని నుంచి మనకు పనికొచ్చేది ఏంది? మీకు ఎవరైనా వాళ్ల అనుభవం భయంకరంగా చెప్తే, అది మొత్తం పరీక్ష కాదు, అందులో ఒక క్షణం. మత్తు ఇచ్చి చేస్తే చాలామందికి ఆ క్షణం కూడా గుర్తుండదు. లేచినంక గ్యాస్ పట్టినట్టు ఉంటది, పోయేదాకా ఓపిక పట్టాలె. నిజమైన ప్రమాదం, అంటే పేగుకు రంధ్రం పడటం, సుమారు వెయ్యిలో ఒకరికి లేదా అంతకన్నా తక్కువ. సున్నా మాత్రం కాదు. అందుకే పరీక్ష తర్వాత తీవ్రమైన కడుపు నొప్పి, జ్వరం, ఎక్కువ రక్తం కనబడితే రాత్రయినా సరే హాస్పిటల్‌కు పోవాలె.

అయిదో భయం: సిగ్గు

పైన చెప్పిన నాలుగు భయాలకు సైన్స్ ఏదో ఒక మందు కనిపెట్టింది. దీనికి కనిపెట్టలేదు.

మా మేనమామ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తడు. నైట్ షిఫ్టులు, చాయ్ మీద చాయ్, నీళ్లు తక్కువ. కొన్ని నెలలు విరేచనంలో రక్తం పోయింది. మొదట "వేడి చేసింది" అనుకున్నడు, మజ్జిగ తాగిండు. తర్వాత మొలలు అనుకున్నడు. గోడల మీద రాతలు ఉంటయి కదా, ఆపరేషన్ లేకుండా మొలలు మాయం అని, అక్కడికి పోయి పొడి తెచ్చుకున్నడు. ఆఖరికి ఒక డాక్టర్ కొలనోస్కోపీ రాసిస్తే ఆ చీటీ జేబులో పెట్టుకుని రెండు నెలలు తిరిగిండు. నాకు తెలిసినప్పుడు అడిగిన.

"మామా, ఎందుకు పోలేదు?"

"అల్లుడా, యాభై ఏండ్లొచ్చినంక గిప్పుడు బట్టలిప్పి పండుమంటవా? మీ అత్తకు కూడా చెప్పలే."

మీరు గమనించండి, ఆయన నొప్పి మాట ఎత్తలేదు, ఖర్చు మాట కూడా ఎత్తలేదు. నేను ఆయనకు బైడెన్ కథ, హిర్షోవిట్జ్ కథ చెప్పిన. నవ్విండు. వెనక మాత్రమే తెరిచి ఉండే గౌను ఇస్తరు, మీద దుప్పటి కప్పుతరు, మగ డాక్టర్ కావాలంటే ముందే అడగొచ్చు, అని వివరంగా చెప్పిన తర్వాత ఒప్పుకున్నడు. రెండు పాలిప్స్ దొరికితే అక్కడనే తీసేశారు. రిపోర్టులో క్యాన్సర్ లేదు.

సిగ్గుకు మందు మాటే అని అమెరికాలో కేటీ కౌరిక్ అనే టీవీ యాంకర్ చూపించింది. 1998లో ఆమె భర్త 42 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. 2000 మార్చిలో ఆమె తన కొలనోస్కోపీనే టీవీలో చూపించింది. ఆ తర్వాత అక్కడ ఈ పరీక్షలు 20 శాతానికి పైగా పెరిగినయని ఒక స్టడీలో తేలింది. మనకు తెలిసిన బ్లాక్ పాంథర్ హీరో చాడ్విక్ బోస్మన్ కూడా 2020లో ఇదే జబ్బుతో 43 ఏళ్లకే పోయాడు. కాబట్టి "ఇది ముసలోళ్ల రోగం" అని స్క్రోల్ చేయకండి.

ఆఖరి భయం: "ఏం తేలుతదో ఏమో"

పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడతది. అన్ని పాలిప్స్ మారవు కూడా. 1993లో అమెరికా నేషనల్ పాలిప్ స్టడీ ఫలితాలు వచ్చినయి. పాలిప్స్ తీయించుకున్నోళ్లలో పెద్దపేగు క్యాన్సర్ రావడం, పోల్చి చూసిన గుంపుల కంటే 76 నుంచి 90 శాతం తక్కువ ఉంది. అంటే ఈ పరీక్ష చెడు వార్త చెప్పే పరీక్ష మాత్రమే కాదు, చెడు వార్త రాకుండా ఆపే పరీక్ష కూడా. పరీక్ష చేయించకపోతే లోపల ఉన్నది మాయం కాదు, మనకు తెలియకుండా ఉంటది, అంతే.

అందరూ రేపే పరుగెత్తాలని నేను చెప్తలేను. విరేచనంలో రక్తం, కొన్ని వారాలుగా మారిన అలవాటు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, ఇంట్లో దగ్గరోళ్లకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌తో మాట్లాడండి. అది మొలలే కావచ్చు, కానీ ఆ మాట గోడ మీది రాత కాదు, చూసిన డాక్టర్ చెప్పాలె.

ఈ వీడియో చూసేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నరు. మీకు ఇప్పుడు ఈ పరీక్ష అవసరం పడకపోవచ్చు. కానీ మీ నాయిన జేబులో, మీ అమ్మ బీరువాలో మడతపెట్టిన చీటీ ఒకటి ఉండొచ్చు. వాళ్లు తమంతట తాము చెప్పరు. అన్నం తినేటప్పుడు కాదు గానీ, తిన్నంక పక్కన కూర్చుని అడగండి. "నాయినా, కడుపు ఎట్లుంటుంది? రక్తం గిట్ల పడుతుందా?" అని. ఒక్క ప్రశ్న చాలు. తోడుగా నేనొస్తా అనండి.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.